తల్లి వేషం

‘పాతాళ భైరవి’ టీవీలో వస్తే ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. తోట రాముడు ఎన్టీఆర్ అని, నేపాళ మాంత్రికుడు ఎస్వీఆర్ అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాముడి తల్లి ఎవరని అడిగితే మాత్రం పెద్దవాళ్లు సైతం కాసేపు ఆలోచనలో పడతారు. కొడుకు ఏ ఆపద కొనితెచ్చుకుంటాడోనని బెంగపడే ఆ పేదతల్లి సురభి కమలాబాయి. 1951లో ఆ సినిమా వచ్చేనాటికి ఆమె వయసు నలభై దాటింది. అంతకు రెండు దశాబ్దాల కిందట మన తొలి టాకీకి ఆమే కథానాయిక.

ఆ తొలి అడుగు విలువ తెలియాలంటే అంతకు ముందరి మూకీల కాలంలోకి వెళ్లాలి. అప్పట్లో ఆడవాళ్లు తెర మీద కనిపించడమే గగనం. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు చంద్రమతి వేషం కట్టింది సాలుంకే అనే యువకుడు. 1917 నాటి ‘లంకాదహనం’లో రాముడూ ఆయనే, సీతా ఆయనే. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీస్తే, గంగ వేషానికి ముందుకొచ్చింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. సినిమాలో వేషమంటే పరువు పోయినట్టేనని ఇళ్లలో అనుకునే రోజులవి. ఆ మాట పడటానికి సిద్ధపడిన ఆడవాళ్లే మన తెరకు తొలి మెట్లయ్యారు.

టాకీ రావడంతో ముఖమొక్కటే చాలకుండా పోయింది. భాష రావాలి, గొంతెత్తి పద్యం పాడాలి. అవి రెండూ నేర్చిన ఆడవాళ్లు సురభి నాటక సమాజాల్లో ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ నాటకాల్లో ఇంటి ఆడపడుచులే ఆడ వేషాలు వేసేవారు. కమలాబాయి పుట్టుక గురించే ఒక ముచ్చట చెబుతారు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదే నొప్పులొచ్చి, తెర దించిన చోటే బిడ్డ పుట్టిందట. నాటకంలో అదీ ఒక ఘట్టమేనని జనం అనుకున్నారట. ఆ బిడ్డ మాటలు నేర్చే వయసులోనే కృష్ణుడి వేషం, ప్రహ్లాదుడి వేషం కట్టింది.

హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. కమలాబాయిది అందులో లీలావతి పాత్ర. ఒకవైపు భర్త ఆగ్రహం, మరోవైపు పసివాడి భక్తి, నడుమ నలిగిపోయే తల్లి. మనం గమనించని సంగతి ఒకటి ఇక్కడుంది. తెలుగు టాకీ తొలి కథానాయిక కట్టింది కూడా తల్లి వేషమే. అప్పటికామెకు పాతికేళ్లు నిండాయో లేదో. ఆ తర్వాత ‘శకుంతల’లో నాయికగా మెప్పించింది. బొంబాయిలో హిందీ సినిమాల్లోనూ నటించి, వయసు మళ్లాక మళ్లీ తల్లి వేషానికే వచ్చింది.

మూకీల మహారాణి సులోచనది కూడా ఇదే దారి. అసలు పేరు రూబీ మేయర్స్. ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటర్. 1928లో మూకీ చిత్రంలో అనార్కలి ఆమే. 1935లో అదే కథను టాకీగా తీస్తే మళ్లీ ఆమే అనార్కలి. 1953 నాటి ‘అనార్కలి’లో మాత్రం ఆమె సలీం తల్లి జోధాబాయి. తాను ఏలిన పాత్రలో ఇంకొకరు వెలుగుతుంటే, పక్కన తల్లిగా నిలబడి ఆ సన్నివేశాన్ని నిలబెట్టాలి. అందుకు నటన వస్తే సరిపోదు, పెద్ద మనసూ ఉండాలి. దేశం ఆమెకు 1973లో ఫాల్కే అవార్డు ఇచ్చి గౌరవించింది.

కమలాబాయి లీలావతిని చూసే భాగ్యం మనకు లేదు. ఆ సినిమా ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. దేశంలో తీసిన మూకీలు వెయ్యికి పైమాటే అయినా, వాటిలోనూ నేటికి దక్కినవి చాలా కొద్ది. రీలు పోతే, అందులో నాయకుడి పేరు ఏదో పుస్తకంలో ఉంటుంది. తల్లి వేషం, దాసి వేషం, అత్త వేషం వేసినవాళ్ల పేర్లే ముందుగా చెరిగిపోతాయి.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కూర్చుని ఈ సంగతులు తలచుకోవడానికి కారణం ఉంది. ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది మన జనగామ జిల్లా మాణిక్యాపురం. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యది దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి. వాళ్ల పేర్లు మనకు తెలుసు, సంతోషం. మరి ఆ ఆటల్లో ఆడ వేషాలు కట్టిన అవ్వల పేర్లు? చిందు ఆటకు ముందు జరిగేది ఒకసారి దగ్గర నుంచి చూడండి. చేతి అద్దం మోకాళ్ల మీద ఆనించుకుని, ముఖానికి అర్దళం పూసుకుని, కనుబొమలు దిద్దుకుని, పొణికి కర్ర భుజకీర్తులు కట్టుకుని లేచేసరికి ఆ మనిషి మారిపోతుంది. పొద్దున పత్తి చేలో కూలికి వెళ్లి వచ్చిన మనిషే, రాత్రి సారంగధరుడి కోసం ఏడిస్తే ఊరంతా ఏడుస్తుంది. ఆ ఏడుపుకు రీలు లేదు, రికార్డు లేదు. జాంబవంతుడి వేషంతో మెప్పించిన చిందు ఎల్లమ్మ పేరు నిలిచిందంటే, ఎవరో ఒకరు పట్టించుకుని రాసిపెట్టబట్టే కదా.

ఈ పని పెద్ద సంస్థలే చేయాలని లేదు. వేసవి సెలవుల్లో మన బడిపిల్లలు, కాలేజీ పిల్లలు తలా ఒక ముసలమ్మ దగ్గర కూర్చుంటే చాలు. ఏ ఊరు, ఏ మేళం, ఏ వేషం, పక్కన ఎవరు పాడేవారు అని అడిగి రాసుకోవాలి. ఒక పద్యం పాడించుకుని ఫోన్‌లో దాచాలి. ముందు ఆమె పేరు అడగాలి. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని కాకుండా, ఆమె సొంత పేరు రాయాలి. ‘పాతాళ భైరవి’ ఈసారి టీవీలో వచ్చినప్పుడు, రాముడి తల్లి గుడిసెలోంచి కనిపించగానే పక్కనున్న పిల్లలకు ఆమె సురభి కమలాబాయి అని చెబుదాం. ఆ అలవాటు మన ఊరి అవ్వల దాకా దానంతటదే వస్తుంది.