ఇజ్జత్‌ను టన్నుల్లో తూస్తారా?

మొన్న మా సింహాద్రిపురంలో ఒక నిస్బత్ మాటలకు పిలిస్తే పోయినాను. పిల్లోడి వైపు పెద్దాయన చాయ్ తాగుతా, "జహేజ్ ఏమీ వద్దు భాయ్, ఒక బండి ఇప్పించండి చాలు. కానీ పెద్దది కావాల" అన్నాడు. పెద్దదంటే ఏది అని అడిగితే, "ఎత్తుగా ఉండాల, నలుగురూ చూడాల" అని జవాబు. పిల్లోడికి లైసెన్సే లేదు! పిల్ల అబ్బా మాత్రం తలొంచుకుని తన చీనీ తోట ధర మనసులో లెక్కేస్తా ఉండాడు.

నాకు మా మామూ మారుతి జెన్ యాదికొచ్చింది. 993 సీసీ ఇంజను, ఎనిమిది వందల కిలోలు కూడా లేని బండి. పులివెందుల దారిలో మామూ దాన్ని మలుపు తిప్పుతాంటే ఆ మజాయే వేరు. "రోడ్డు ఎట్లుందో స్టీరింగే చేతికి చెప్తాది బేటా" అనేటోడు. తోలడం ఆయనకు హునర్, షాన్ కాదు.

అసలు స్పోర్ట్స్ కారు ఉసూల్ కూడా ఇదే. పెద్ద ఇంజను కాదు, తక్కువ బరువు. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ జిందగీ అంతా బరువు తగ్గించడం మీదే పెట్టినాడు. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ ఏడొందల కిలోల పైచిలుకే. 2021లో దాన్ని ఆపేసినారు. ఇప్పుడు అదే కంపెనీ రెండున్నర టన్నుల ఎలెట్రే అమ్ముతాంది! 1989 నుంచి వస్తున్న మాజ్డా ఎంఎక్స్-5 లాంటివి ఒకటీ అరా మిగిలినాయి.

మన దగ్గరా అదే కథ. పాత జెన్ 2006లో పోయింది, మారుతి 800 2014లో పోయింది. మన సీమలోనే, పెనుకొండ కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో మార్కెట్‌కు వచ్చిన మొదటి బండి సెల్టోస్, అంటే ఎస్‌యూవీ. సర్కారు ఖానూన్ కూడా బరువు వైపే. కంపెనీ అమ్మే కార్ల సగటు బరువు పెరిగితే, అవి వదిలే కార్బన్ పరిమితీ పెరుగుతుంది. సన్నగా చేసినోడికి సజా, లావుగా చేసినోడికి మాఫీ!

"చిన్న బండి తగిలితే ప్రాణం పోతాది" అంటారు. నిజమే, 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో మన చిన్న కార్లు సున్నా స్టార్లు తెచ్చుకున్నాయి. కానీ అది తయారుచేసినోడి కంజూసీ. ఎయిర్‌బ్యాగులన్నీ పెట్టి కూడా మాజ్డా టన్ను దగ్గరే ఆపింది కదా. పైగా రెండు టన్నుల బండిలో మీరు హిఫాజత్‌గా ఉంటారు, సరే. ఎదురుగా మోపెడ్ మీద వచ్చే గరీబు సంగతి?

తప్పు కంపెనీలది, సర్కారుది మాత్రమే కాదు. కొనేది మనం. సూద్‌కు అప్పు తెచ్చి, ఆడపిల్ల అబ్బా నెత్తిన కిస్తీలు మోపి, గల్లీలో తిరగని బండిని ఇంటి ముందర నిలబెట్టేది మనం. దానికి ఇజ్జత్ అని పేరు పెట్టుకున్నాం.

నేను ఆ పిల్లోడితో ఒకటే మాట చెప్పినాను. "బేటా, ముందు లైసెన్సు తెచ్చుకో. నీ కమాయీతో ఒక చిన్న బండి కొనుక్కో. మలుపులో దాన్ని బాగా తిప్పడం నేర్చుకో. మర్దుతనం అదీ."

పెద్దాయనకు కోపమొచ్చింది. రానీ.