మచ్చ మీద మానని పుండు
మిరపకోతల కాలంలో చిలకలూరిపేట, ప్రత్తిపాడు వైపు కల్లాల్లో తాలుకాయలు ఏరే కూలీల్లో ఎప్పుడో కాలిన మచ్చలున్నవాళ్లు కనిపిస్తారు. మోకాలి వెనక బిగుసుకుపోయిన మచ్చ, గొంతుక్కూర్చుని లేచినప్పుడల్లా పగులుతుంది. కారం తగిలి భగ్గుమంటుంది. కాస్త పసుపు అద్ది మళ్లీ పనిలో పడతారు. నా భయమంతా ఆ పగులు గురించే. మచ్చకు చెమట గ్రంథులుండవు, ఎంత గట్టిపడినా దాని బలం అసలు చర్మంలో 80 శాతం దాటదు. ఏళ్లూపూళ్లూ పగులుతూ మానుతూ ఉంటే, సగటున ముప్పై ఏళ్లకు, అందులో క్యాన్సర్ పుట్టవచ్చు. ఇలాంటి పుండ్లను 1828లో వర్ణించిన ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ పేరే ఆ క్యాన్సర్‌కు స్థిరపడింది. తెల్లవాళ్ల చర్మానికి ఎండ పెద్ద ముప్పయితే, మన చర్మానికి పాత మచ్చలూ మానని పుండ్లే ముప్పు. గాయాన్ని మాన్పే ఏర్పాటునే కణితి వాడుకుంటుందని 1986లో పాథాలజిస్టు హెరాల్డ్ డ్వొరాక్ రాశాడు. అలాగని ఆ ఏర్పాటులో భాగంగా మచ్చ కట్టించే కణాలన్నిటినీ చంపేస్తే సరిపోదు: ఎలుకల క్లోమ క్యాన్సర్‌లో వాటిని తొలగిస్తే జబ్బు ఇంకా ముదిరిందని 2014లో క్యాన్సర్ పరిశోధకుడు రఘు కల్లూరి బృందం చూపింది. కొత్త మందులు వచ్చినప్పుడు వస్తాయి. మూడు నెలలైనా మానక, అంచులు లేచి, వాసన వేస్తున్న పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడానికి మాత్రం ఏ పరిశోధన కోసమూ ఆగక్కర్లేదు. ఆ పని ఊరి దగ్గరి సర్కారు ఆసుపత్రిలోనే జరగాలి. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాల్సింది ఆ ముక్క, కూలి పోగొట్టుకుని రోగి కాదు.