శాలువా తర్వాతే నాటకమా?

తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి నుంచి బాచుపల్లికి వచ్చింది. 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరూ పెట్టుకుంది. విద్యార్థి నాటకం అనగానే మన బుర్ర మాత్రం ఇంకా రవీంద్రభారతి చుట్టే తిరుగుతోంది. ముందు హాలు, తర్వాత ముఖ్య అతిథి, ఆపైన శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ. మిగిలిన డబ్బుతో లైట్లు, మిగిలిన టైంలో నాటకం. చూసేదెవరు? మన స్నేహితులే. వచ్చే వారం వాళ్ల నాటకానికి మళ్లీ మనమే.

ఒక్కసారి క్యాంపస్ గేటు దాటి చూడండి. జేఈఈ, నీట్ కోసం హాస్టళ్లలో మగ్గే ఇంటర్ పిల్లలు, ఇంజినీరింగ్ విద్యార్థులు, హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చే ఉద్యోగులు. వీళ్లని నాటకానికి పిలిచిందెప్పుడు? పిలవకుండానే 'ఈ తరానికి నాటకం పట్టదు' అని తీర్పిచ్చేశాం.

1885లో మొదలైన సురభి వాళ్లు ఊరూరా తిరిగి ఆడారు. టికెట్టు తెగితేనే పొయ్యి వెలిగేది కాబట్టి ఎవరు చూస్తారన్నదే వాళ్ల మొదటి లెక్క. మనకది ఆఖరి లెక్క.

డబ్బుల్లేవంటారా? శాలువాలు మానేయండి. ఒక ఆదివారం సాయంత్రం, నాలుగు లైట్లు, ఒక హాస్టల్ గ్రౌండు చాలు. పర్మిషన్ కోసం వార్డెన్‌ని బతిమాలడమూ ప్రొడక్షన్ పనే. ఆ పిల్లలు మధ్యలో లేచి వెళ్లిపోతే, అప్పుడు స్క్రిప్టు గురించి నిజాయితీగా మాట్లాడుకుందాం.