టీసీపీడంప్ మౌనం సాక్ష్యం కాదు

ప్యాకెట్లు అందడం లేదని ఫిర్యాదు రాగానే మనవాళ్లు ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ పెడతారు. తెర మీద ఏమీ కదలకపోతే తీర్పు సిద్ధం: ప్యాకెట్ మన దాకా రానే లేదు, స్విచ్ వాళ్లను అడగండి. ఈ తీర్పుకు ఆధారం లేదు. లైనక్స్‌లో కార్డు తీగ మీది ఫ్రేమును తీసుకుని, సీఆర్‌సీ సరిచూసి, మ్యాక్ చిరునామా తనదో కాదో తేల్చుకుని, డ్రైవర్ ముందే పరిచి ఉంచిన డిస్క్రిప్టర్ల రింగులో చోటుంటే డీఎంఏతో మెమరీలో పెడుతుంది. ఇంటరప్ట్ వస్తుంది, డ్రైవర్‌లోని నాపి పోల్ ఫంక్షన్ నడిచి రింగులో ఉన్నదాన్ని తీసి పైకి పంపుతుంది. టీసీపీడంప్‌కు నకలు దక్కేది ఇదంతా అయ్యాకే. పొలిమేరలో దారి తప్పినవాడూ, మన గడప ముందే జారిపడ్డవాడూ ఇంట్లో కూర్చున్నవాడి లెక్కలో ఒకటే: రాలేదు.

పైగా ఈ సాక్షి కేసును తారుమారు చేస్తుంది. టీసీపీడంప్ మామూలుగా కార్డును ప్రామిస్క్యుయస్ మోడ్‌లోకి నెడుతుంది, అంటే చిరునామా వడపోత ఎత్తేస్తుంది. డ్రైవర్ మల్టీకాస్ట్ ఫిల్టర్‌ను సరిగా రాయలేదనుకోండి. ఏఆర్‌పీ ప్రశ్న బ్రాడ్‌కాస్ట్‌గా వస్తుంది కాబట్టి ఐపీవీ4 పింగ్ చక్కగా నడుస్తుంది. ఐపీవీ6లో పక్క యంత్రాన్ని వెతికే ప్రశ్న 33:33తో మొదలయ్యే మల్టీకాస్ట్ మ్యాక్‌కు వస్తుంది, కార్డు దాన్ని పారేస్తుంది. టీసీపీడంప్ పెట్టగానే ఐపీవీ6 లేచి కూర్చుంటుంది, ఆపిన కాసేపటికి మళ్లీ పడకేస్తుంది. దీన్ని ‘అప్పుడప్పుడూ వచ్చే నెట్‌వర్క్ సమస్య’ అని రాసి మూసేసే టికెట్లకు కొదవ లేదు. మోడ్ మార్చకుండా చూసే ‘మైనస్ పి’ మీట ఉందన్న సంగతి మాన్యువల్ పేజీకే పరిమితం.

చాలా లోపాలు పై పొరల్లోనే ఉంటాయి, ముందు సులువైనది చూడటంలో తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు. ‘మైనస్ పి’తో ప్యాకెట్ కనిపిస్తే అది గట్టి రుజువు, డ్రైవర్‌ను వదిలేసి పైకి వెళ్లొచ్చు. కనిపించనప్పుడు మాత్రం వెతుకులాట అప్పుడే మొదలవ్వాలి. ఈథ్‌టూల్ చూపే కార్డు గణాంకాలను పది సెకన్ల ఎడంతో రెండుసార్లు తీసి తేడా చూడాలి. వాటి పేర్లు డ్రైవర్‌కో రకంగా ఉంటాయన్న అభ్యంతరం నిజమే, కానీ ఆ పేరు దేన్ని లెక్కిస్తుందో చెప్పే సోర్సు చాలావరకు కెర్నెల్ చెట్టులోనే ఉంది. సీఆర్‌సీ తప్పులు పెరిగితే కేబుల్ మార్చి చూడొచ్చు. చోటు లేక వదిలేసిన ఫ్రేములు పెరిగితే రింగు పెంచేయడం మరో అలవాటు. పోల్ వెనకబడి ఉంటే పెద్ద రింగు కూడా కాస్త ఆలస్యంగా నిండుతుంది, అంతే. వదిలేసిన ఫ్రేములు పెరుగుతూ, ఇంటరప్టుల లెక్క మాత్రం నిలిచిపోతే, పోల్ కోసం మూసిన ఇంటరప్టును పోల్ ముగించేటప్పుడు డ్రైవర్ తిరిగి తెరవడం మరిచిందేమో చూడాలి. ఆ లోపం ఉన్న యంత్రంలో టీసీపీడంప్ గంటసేపు నడిపినా వచ్చే ప్యాకెట్ ఒక్కటీ కనిపించదు. ఆ గంటలో పంపిన ఫ్రేముల లెక్క మాత్రం స్విచ్ పోర్టులో పెరుగుతూనే ఉంటుంది.