సూదీ దారం లెక్క

ఇంటి దగ్గర కుట్టుపని చేసి సంసారాన్ని లాక్కొస్తున్న స్త్రీల గురించి మాట్లాడినప్పుడల్లా మనం కూలి రేటు దగ్గర మొదలుపెట్టి కూలి రేటు దగ్గరే ఆగిపోతుంటాం. జాకెట్టుకెంత, చీరకు ఫాల్ వేసినందుకెంత, డజను లంగాలకెంత అని అడిగి రాసుకుంటాం. ఆ కూలి చేతికి రావడానికి ముందు ఆమె తన చేతి నుంచి ఎంత పెట్టిందన్నది మన ప్రశ్నావళుల్లో సాధారణంగా కనిపించదు. అందుకే ఇళ్ళలో కుట్టేవారితో నేను చేస్తున్న పరిశోధనలో ఒక చిన్న భాగాన్ని పనిముట్లకు కేటాయించాను. మీ కుట్టు డబ్బాలో ఏమున్నాయి? వాటిలో మీకు బాగా ఇష్టమైనదేది? దాన్ని ఎవరు కొన్నారు? ఈ మూడే ప్రశ్నలు. సూది కోసం సోదికి పోతే పాత గుట్లన్నీ బయటపడ్డాయని సామెత. (ఆ సామెతలో బయటపడేది ఎప్పుడూ ఆడదాని గుట్టే ఎందుకన్నది వేరే సంపాదకీయానికి పనికొచ్చే విషయం.) ఇక్కడ సూది గురించి అడిగితే బయటపడింది మాత్రం పని ఇచ్చేవాడి గుట్టు.

డబ్బా అంటే చాలా ఇళ్ళలో పాత బిస్కెట్ల రేకు డబ్బానే. కూలి సంగతి అడిగితే ముభావంగా జవాబిచ్చిన స్త్రీలు ఈ డబ్బా మూత తీసేసరికి మనుషులే మారిపోతారు. ఒకావిడ తన కత్తెర పిడికి మెత్తటి గుడ్డపేలిక చుట్టుకుంది, బొటనవేలు కాయ కాయకుండా. దాన్ని పిల్లల కంట పడనివ్వదు, కాగితం కత్తిరిస్తే పదును పోతుందని. ఇంకొకావిడకు పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ప్రాణం. రాత్రి పని ముగించాక దాన్ని నేలంతా తిప్పి గుండుసూదులు ఏరుతుంది. అదే గదిలో పాకే పిల్లవాడున్నాడు మరి. అరిగిపోయిన సబ్బుబిళ్ళ ఎండబెట్టుకుని గుర్తులు పెట్టుకునేవాళ్ళు ఎందరో. సుద్దకంటే సన్నటి గీత పడుతుంది, ఉతికితే పోతుంది, ఖర్చు లేదు. తప్పు కుట్టును విప్పడానికి సగం విరిచిన బ్లేడు, వేలు తెగకుండా దాని ఒక అంచుకు చుట్టిన దారం. నలభై దాటినవాళ్ళందరి డబ్బాల్లోనూ సూదిలో దారం ఎక్కించే సన్నతీగ ఉంది. అది పోతే పక్కింటి పిల్ల బడి నుంచి వచ్చేదాకా పని ఆగాల్సిందే. పాతచీరలు పరిచి బొంతలు కుట్టే ముసలమ్మ దగ్గర దబ్బనమూ, దాన్ని నెట్టడానికి మధ్యవేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగూ ఉన్నాయి. దర్జీలు అంగుస్తానా అనేది దాన్నే. అత్తగారి దగ్గర నుంచి వచ్చిందట. ఆస్తి పంపకాల్లో ఆ ఇంటి కోడలికి దక్కిన వారసత్వం అదొక్కటే అని నవ్వింది.

వీటిలో ఏ ఒక్కటీ బజార్లో దొరికే సరంజామా కాదని చెప్పను. పొరుగు దేశాల్లో, పై దేశాల్లో కుట్టుపని సరదాగా చేసుకునేవారికోసం వీటన్నిటికీ చక్కటి పెట్టెల్లో పెట్టిన రూపాలున్నాయి. మన స్త్రీలు వాటిని కొనలేక చేసుకున్నారు. చేసుకోవడంలో ఉన్న తెలివిని మెచ్చుకుని ఊరుకోవడం మనకు అలవాటు. కానీ ఆ తెలివి ఎవరి ఖర్చును తగ్గిస్తోంది అని అడగాలి.

మిషను సూది సంగతి చూడండి. పదకొండో నంబరు పలచటి పట్టుకు, జార్జెట్‌కు. పద్నాలుగు, పదహారు మామూలు నూలు గుడ్డకు. పద్దెనిమిది జీన్స్ లాంటి మందపు గుడ్డకు. సూది ఎన్నో గంటలు పనిచేయదు, మొన మొద్దుబారుతుంది. గట్టిగా చూస్తే ఒక రోజు పూర్తి పనికి ఒక సూది మార్చాలని చేయి తిరిగినవాళ్ళు చెబుతారు. ఇంట్లో కుట్టే స్త్రీ మాత్రం సూది విరిగేదాకా మార్చదు. మొద్దుబారిన సూది జార్జెట్ పోగును లాగేస్తుంది. పోగు లేచిన చీరను దుకాణదారు తిప్పికొడతాడు, లేదా ఆ చీర ఖరీదు కూలిలోంచి కోసుకుంటాడు. కొన్ని రూపాయల సూదిని మిగుల్చుకోబోయి ఆమె వారం కూలి పోగొట్టుకుంటుంది. దీన్ని అజాగ్రత్త అంటారు. సూది ఖర్చు దుకాణదారుదే అయితే ఆ అజాగ్రత్త ఒక్కరోజు కూడా ఉండదు.

దారం రీళ్ళు, బాబిన్లు, బాబిన్ కేసు, తొక్కుడు మిషనుకైతే తోలుబెల్టు, మోటారు పెట్టుకుంటే కరెంటు, నూనె, బల్బు, చీరల మూటతో దుకాణానికి వెళ్ళిరావడానికి ఆటో లేదా బస్సు టిక్కెట్టు. ఇవన్నీ ఆమెవే. ఫ్యాక్టరీ పెట్టినవాడికైతే ఇవి ఉత్పత్తి వ్యయం. గడప లోపలికి రాగానే ఇవే ఇంటి ఖర్చులైపోతాయి. గదికి అద్దె లేదు, ఎందుకంటే అది ఆమె ఇల్లు. ఊడ్చి, గుడ్డముక్కలు ఎత్తి, రాత్రికి అదే చోట పక్కలు వేయడానికి కూలి లేదు, ఎందుకంటే అది ఇంటిచాకిరి. పితృస్వామ్యం గురించి మనం పెద్ద పెద్ద మాటలు చాలా రాశాం. అది పనిచేసే తీరు ఈ డబ్బాలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

డబ్బా దాటి దుకాణంలోకి వెళితే పనిముట్లకు కూడా లింగభేదం ఉందని తెలుస్తుంది. టేపూ కత్తెరా 'మాస్టరు' చేతిలో ఉంటాయి. కొలత తీసేది, గుడ్డ మీద గీసేది, కత్తిరించేది అతను. అంచు మడిచి కుట్టడం, హుక్కులు, కాజాలు, బొత్తాలు ఆడవాళ్ళకు. బట్టల ఫ్యాక్టరీల్లోనూ ఇదే విభజన. మిషన్ల మీద వరుసగా స్త్రీలు, కటింగ్ బల్ల దగ్గర ఎక్కువగా పురుషులు. కత్తెర బరువని ఒక కారణం చెబుతారు. నీళ్ళ బిందె మోసే చేతికి కత్తెర బరువా? అసలు సంగతి ఏమిటంటే కత్తెరతో పాటు లెక్క వస్తుంది. మీటరు గుడ్డలో ఎన్ని జాకెట్లు తేలతాయో తెలిసినవాడికి మిగులు ఎంతో తెలుస్తుంది, మిగులు తెలిసినవాడికి లాభం తెలుస్తుంది. శిక్షణా కేంద్రాల్లో మన ఆడపిల్లలకు నెలల తరబడి నేరుగా కుట్టు వేయడం నేర్పి, కటింగ్ దగ్గరకు వచ్చేసరికి కోర్సు ముగించేయడం కాకతాళీయం అనుకోను.

మిషను స్త్రీని విముక్తురాల్ని చేసిందన్న కథ మనకు బాగా ఇష్టం. గాంధీగారు సైతం 1924లో యంత్రాల మీద తన వ్యతిరేకత గురించి మాట్లాడుతూ సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. చేత్తో కుట్టుకుంటూ కష్టపడే భార్యను చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని, అందులో ప్రేమ ఉందని ఆయన భావన. చరిత్రలోని ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు తీసుకున్న మాట నిజమే. కాని ఆయన ఒకేసారి పలు సంసారాలు నడిపిన మనిషి, పలువురు స్త్రీల వల్ల ఇరవైమందికి పైగా పిల్లలున్నారు. ఏ భార్య కష్టం చూసి చలించాడో చెప్పడం కష్టం. ఆయన కంపెనీ కనిపెట్టిన మరో విషయం మాత్రం ఇప్పటికీ మన వీధుల్లో తిరుగుతోంది. 1856 ప్రాంతంలో మిషన్లను వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. పనిముట్టు కొనడానికి అప్పు, అప్పు తీర్చడానికి రాత్రింబగళ్ళు పని. ఇవాళ సంఘం లోను మీద మిషను కొనుక్కున్న స్త్రీకి ఈ చక్రం కొత్తగా వివరించక్కర్లేదు.

మన గోదావరి జిల్లాల అనుభవం ఉండనే ఉంది. నరసాపురం చుట్టుపక్కల మిషనరీల కాలం నుంచీ క్రోషా సూదితో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేసే స్త్రీలను 'తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు'గా చూపడంవల్లనే ఆ పరిశ్రమ అంత చౌకగా నడిచిందని ఆమె వాదన. ఒక్క సూది, ఒక్క దారపు ఉండ, ఒక స్త్రీ ఒడి. ఫ్యాక్టరీ అంతా అంతే. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సరుకుకు పేరు వచ్చింది, సంతోషం. అల్లే మనిషికి కార్మికురాలన్న పేరు ఎప్పుడొస్తుందో చూడాలి.

ఆ పేరు పోరాడి తెచ్చుకున్నవాళ్ళు లేకపోలేదు. అహ్మదాబాదు దరియాపూర్ ప్రాంతంలో ముస్లిం స్త్రీలు బట్టల మిల్లుల నుంచి వచ్చే పేలికలను, అక్కడివారు చిందీ అంటారు, అతికి బొంతల గలేబులు కుట్టేవారు. చిందీ మూట వ్యాపారిది. మిషనూ దారమూ వీళ్ళవి. 1972లో ఏర్పడిన సేవా సంస్థతో కలిసి 1970ల చివర్లో వీళ్ళు కూలి పెంచమని అడిగారు. అడిగినందుకు వ్యాపారులు పని ఇవ్వడం మానేశారు. అప్పుడు స్త్రీలే మిల్లుల నుంచి నేరుగా చిందీ కొనుక్కుని కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. అదే తర్వాత సబీనా సహకార సంఘమైంది. ఇందులో నన్ను ఆలోచింపజేసే విషయం ఒకటుంది. మిషన్లు మొదట్నుంచీ ఆ స్త్రీలవే. పనిముట్టు సొంతమైనంత మాత్రాన వాళ్ళు స్వతంత్రులు కాలేదు. ముడిసరుకూ, బజారుకు దారీ దొరికాకనే కాస్త ఊపిరి ఆడింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా, నాయకుల పుట్టినరోజులొచ్చినప్పుడల్లా ఉచిత కుట్టుమిషన్లు పంచేవారికి ఈ తేడా తెలియదనుకోను.

చట్టం ఏమంటోంది? ఇంటికి పట్టుకెళ్ళి పనిచేసి తెచ్చిచ్చేవారిని 1948 కనీస వేతనాల చట్టమే ఉద్యోగి అన్న నిర్వచనంలో చేర్చింది. అమలులో మాత్రం 'మిషను ఆమెదే గదా, ఆమె సొంత వ్యాపారం చేసుకుంటోంది' అని తప్పించుకునే దారి యజమానులకు ఎప్పుడూ ఉంటూనే వచ్చింది. ఆ దారి మూయడానికే 1996 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక, పరికరాలూ సామగ్రీ ఎవరు సమకూర్చినా సరే, యజమాని చెప్పిన సరుకు ఇంట్లో తయారుచేసే మనిషి ఇంటి కార్మికురాలే అని రాసింది. మన 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టమూ, 2020 సామాజిక భద్రతా కోడూ ఇంచుమించు అదే నిర్వచనం తీసుకున్నాయి. అంటే సూది ఎవరిదన్న ప్రశ్న చట్టం నోట్లోకి ఒకసారి వచ్చింది. వచ్చి, 'ఎవరిదైనా ఫరవాలేదు' అని వెళ్ళిపోయింది. కార్మికురాలన్న గుర్తింపుకు ఆ మాట మేలే చేస్తుంది. ఖర్చు ఎవరు భరించాలన్నది మాత్రం అక్కడ లేదు.

అది ఉన్నది ఆ ఒడంబడికతో పాటు వచ్చిన 184వ సిఫారసులో. కరెంటు, నీళ్ళు, పరికరాల మరమ్మతు వంటి ఖర్చులకు ఇంటి కార్మికులకు పరిహారం ఇవ్వాలంటుంది. అంతేకాదు, మిషను శుభ్రం చేసుకోవడానికి, పనిముట్లు మార్చుకోవడానికి, సరుకు విప్పి, వేరుచేసి, మళ్ళీ మూట కట్టడానికి పట్టే సమయానికి కూడా. సూది మార్చే సమయానికి కూలి! మన ఆడవాళ్ళకు ఈ మాట చెబితే మొదట నవ్వారు. తర్వాత ఒకామె వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. భారతదేశం ఆ ఒడంబడికను ఇప్పటికీ ఆమోదించలేదు. సిఫారసు ఎలాగూ ఎవరినీ కట్టడి చేయదు.

2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులలో దర్జీ పనిని చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తానంది. మంచిదే. కానీ కుటుంబానికి ఒక్కరికే. భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. భర్త క్షురకుడో, తాపీ మేస్త్రీయో అయిన ఇంట్లో భార్య కుట్టుపని చేస్తుంటే నమోదయ్యేది ఎవరు? మొగుడూ పెళ్ళాలిద్దరూ కుడుతున్న ఇంట్లో 'దర్జీ' ఎవరు, 'సాయం చేసే మనిషి' ఎవరు? ఫారం నింపేవాడికి జవాబు ముందే తెలుసు. రేషను కార్డు నుంచి పట్టా దాకా మనకు తెలిసిన పాత కథే ఇది. వృత్తి మనిషికి ఉంటుందిగాని కుటుంబానికి కాదని మనం గట్టిగా చెప్పాలి. నమోదు మనిషికి ఒకటి చొప్పున ఉండాలి.

రెండో కోరిక ఇంకా చిన్నది. పీసు రేటు నిర్ణయించేటప్పుడు దారం, సూది, కరెంటు, రవాణాలను కూలితో కలపకుండా విడిగా ఒక వరుసలో చూపించాలి. ప్రభుత్వమే పని ఇచ్చే చోట దీన్ని మొదలుపెట్టవచ్చు. బడిపిల్లల యూనిఫారాలు స్వయం సహాయక సంఘాల స్త్రీలు కుడుతున్న చోట్ల రేటు ఇచ్చేది ప్రభుత్వమే గదా. దారం ఎవరు కొంటున్నారు, బొత్తాలు ఎవరు తెస్తున్నారు, తిరిగి పంపిన జతలను సరిచేయడానికి పట్టిన రోజుకు ఎంతిచ్చారు అని మన సంఘాలు మండల కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి.

ఇందుకు లెక్కలు కావాలి. మీ ఊళ్ళో, మీ బస్తీలో కుట్టుపని చేసే స్త్రీలతో కూర్చుని ఒక నెలపాటు నోటుపుస్తకంలో రాయించండి. రాయలేనివారికి మీరు రాసిపెట్టండి. ఎన్ని రీళ్ళు, ఎన్ని సూదులు, మిషను ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని గంటలు కూలి లేకుండా పోయాయి. పేర్లు అక్కర్లేదు, ఊరూ పని రకమూ చాలు. మూడు నెలల తర్వాత వచ్చే సంచికలో వాటిని వరసగా అచ్చువేసి, అదే కాగితం కార్మికశాఖకు పంపుతాం.