పాత వెండికి కొత్త పిడి

పాత వస్తువును విడగొట్టి కొత్తది చేయడం తప్పా ఒప్పా అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పేవారంటే నాకు కొంచెం భయం. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఓజులను ఆ మాట అడిగి చూడండి. జైనూరు మండలం ఉషేగాంలో వారు పోసే డోక్రా బొమ్మకు ముడిసరుకు పగిలిన ఇత్తడి గిన్నెలు, చెంబులే. పుట్టమన్ను, ఊక కలిపి అచ్చు చేసి, దానిమీద మైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి మెత్తి కాల్చితే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. ఎవరింటి చెంబో కరగకపోతే వారి నెమలి పుట్టదు. 2018లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కనుక కరిగించడమే పాపమని వాదించే ఉద్దేశం నాకు లేదు.

అయితే నా ముందుకు వచ్చిన చిక్కు ఇత్తడి చెంబుది కాదు. అమెరికాలో స్థిరపడిన కరీంనగర్ మిత్రుడొకడికి మడత మంగలికత్తులు సేకరించే వేడుక ఉంది. పాత షెఫీల్డ్ అలుగులు కొని వాటికి తానే పిడులు తొడుగుతాడు. వాళ్ల నాయనమ్మ పెళ్లినాటి వెండి తీగపని అత్తరుదాని ఒకటి ఇక్కడి ఇంట్లో ఉంది. మూత కీలు ఊడింది, అంతకు మించి లోపం లేదు. దాని పక్కరేకులు కోసి కత్తిపిడికి రెండువైపులా అమర్చుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. "బీరువాలో నల్లబడి ఏం చేస్తుంది? రోజూ నా చేతిలో ఉంటుంది గదా" అన్నాడు. మాటలో ప్రేమ ఉంది, కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేను.

అతని వాదానికి నేనే బలం చేకూర్చగలను. మన ఉత్తర తెలంగాణ ఒకప్పుడు ఉక్కుకు పెట్టింది పేరు. కోనసముద్రం మూసల్లో వండిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. వాయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ పద్ధతిని వర్ణించిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇక్కడి ఉక్కు ఎక్కడో అలుగై, ఇంకెక్కడో పిడి తొడిగించుకునేది. దక్కనులో ఐరోపా అలుగులకు మన పిడులు వేసి "ఫిరంగి" అని పిలుచుకున్నారు. అలుగు ఒక తరానిది, పిడి మరో తరానిది కావడం ఆయుధాల లోకంలో వింతేమీ కాదు.

కానీ చూడండి, అక్కడ పిడి మారినప్పుడు అలుగుకు నష్టం లేదు. ఇక్కడ పిడి కావాలంటే అత్తరుదాని చావాలి.

ఆ తీగపని ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఎలగందులలో వేళ్లూని కరీంనగరానికి తరలిన విద్య ఇది; 2007లో భౌగోళిక గుర్తింపు పొందింది. వెండిని కమ్మచ్చులో లాగి, లాగి, వెంట్రుకంత తీగ చేస్తారు. రెండు తీగలు పురిపెట్టి చదును చేస్తారు. కొంచెం దళసరి తీగతో ముందుగా ఆకు గీత వంటి చట్రం కట్టుకుని, దానిలో ఈ సన్నతీగను చుట్టలుగా, మెలికలుగా పట్టకారుతో కూరుస్తారు. వెలిగారం, టంకంపొడి చల్లి మంట చూపిస్తే అంతా ఒక్కటై నిలుస్తుంది. చివర కుంకుడురసంతో తోముతారు. ఒక రేకులోని చుట్టలు పక్క రేకు చుట్టలను ఆనుకుని బలం పొందుతాయి. మధ్యలో కోస్తే అంచు తీగలు విప్పుకుంటాయి. రేకును "వాడుకోవడం" అని మిత్రుడు అంటున్నది నిజానికి చట్రంలేని దారపుముక్కను వాడుకోవడమే.

పైగా మంగలికత్తికి అది మంచి పిడి కూడా కాదు! సబ్బునురగ మెలికల్లో చేరుతుంది, గడ్డపు వెంట్రుక ఇరుక్కుంటుంది, తడిచేతిలో వెండి నొక్కుకుపోతుంది. వేడుక కోసం ఒక వస్తువును చంపి, ఆ వేడుకా తీరకపోతే ఎలా?

ఆ కత్తుల సేకర్తల్లో ఏనుగుదంతం మీద ఇలాంటి తగువే ఉంది. తిమింగిలం వేటగాళ్లు ఓడల్లో పొద్దుపోక సూదితో గీసి మసి పూసిన పాత పళ్లనూ దంతాలనూ కోసి పిడులు చేయవచ్చా అని. మన దేశంలో ఆ ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో స్వదేశీ, విదేశీ దంత వ్యాపారం రెండూ నిలిచిపోయాయి. ఏనుగును కాపాడడానికి చట్టం ఉంది. వెండికి అలాంటి ప్రాణి ఏదీ లేదు, పనివాడి చెయ్యి తప్ప.

నూరేళ్లు నిండిన శిల్పపు వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతుంది. అత్తరుదాని వయసు అంత ఉంటే మిత్రుడు దాన్ని తీసుకెళ్లలేడు. ఊళ్లోనే మూసలో వేసి కరిగిస్తే మాత్రం అడ్డుకునే మాట ఆ చట్టంలో నాకు కనబడలేదు. ఎంత చిత్రం!

అసలు ప్రమాదం మిత్రుని కత్తి వల్ల కాదు, బజారు వల్ల. 2025లో వెండి కిలో లక్షన్నర దాటినప్పటినుంచి ప్రతి ఇంట్లో పాత పన్నీరుబుడ్డి, పాన్‌దాను తూకానికి ఎక్కుతున్నాయి. కొత్తది కొనేటప్పుడు మజూరీ కడతాం, తరుగు కడతాం. పాతది ఇచ్చేటప్పుడు మజూరీ మాయం, తరుగు మాత్రం మళ్లీ మననుంచే తీసేస్తారు. పది రోజుల కంటిచూపు విలువ సున్నా అని ఆ త్రాసు చెబుతుంటే మనం తలాడిస్తున్నాం. కొన్ని తరాల పనిలో ఏ తీరు ఎప్పుడు మారింది, చుట్టలు ఎప్పుడు పలచబడ్డాయి అని పోల్చి చూసుకోవడానికి పనివారికే రేపు నమూనా మిగలదు. 2023 ఢిల్లీ జీ-20 సమావేశానికి కరీంనగర్ తీగపని బ్యాడ్జీలు వెళ్లాయని మురిశాం, సంతోషమే; బ్యాడ్జీలో అత్తరుదాని విద్య మొత్తం ఇమడదు.

విరిగి, నలిగి, రూపు తెలియకుండా పోయినదాన్ని కరిగించనీ, నాకు అభ్యంతరం లేదు. సాదా వెండి గ్లాసులను, పళ్లేలను కరిగించనీ. పనివాడి చెయ్యి ఇంకా చదవగలిగేలా ఉన్నదాన్ని ముట్టవద్దంటాను. యజమాని ఇష్టం కదా అంటారా? అవును, హక్కు అతనిదే. హక్కున్నవాడినే గదా బతిమాలుకోవలసింది!

మిత్రునికి ఇలా రాశాను: పిడికి ఆదిలాబాదు టేకు చేవ వాడుకో. వెండి తప్పనిసరైతే కత్తి పెట్టుకునే పెట్టె మూతకు కొలతలు పంపు, కరీంనగరంలో కొత్తగా తీగపని చేయిస్తాను, మజూరీ బేరమాడకుండా ఇవ్వు. అత్తరుదానికి కావలసినదల్లా ఒక కీలు, చిటికెడు వెలిగారం, ఒక పూట పని. కొలతలైతే వచ్చాయి. అత్తరుదాని సంగతి వాళ్ల అక్కను అడిగి చెబుతానన్నాడు.