గర్భవతికి నోట్లో నీరు ఆగకుండా ఊరుతుంటే...



మా మదర్సాలో చదివి వెళ్ళిన యువకుడొకరు ఇటీవల వచ్చి, కొంతసేపు మౌనంగా కూర్చుని, తలవంచుకుని ఇలా చెప్పాడు: "హజ్రత్, మా ఇంటావిడకు మూడో నెల. నోట్లో నీరు ఆగకుండా ఊరుతోంది, రోజంతా ఉమ్ముతూనే ఉంది. అందరూ అసహ్యించుకుంటారని దస్తర్‌ఖాన్ దగ్గరికి రావడం మానేసింది. వుజూ నిలవడం లేదేమోనని నమాజు వదిలేస్తోంది. నీళ్ళు తాగితే ఇంకా ఊరుతుందని గొంతు ఎండుతున్నా తాగడం లేదు."

సోదరీమణులారా! ఈ మూడూ అపోహ వల్ల వచ్చిన కష్టాలే. ఇవి మరికొన్ని ఇళ్ళలోనూ ఉండవచ్చు.

మనిషి నోట్లో రోజుకు సుమారు ఒక లీటరు లాలాజలం ఊరుతుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగుతుంటాం. గర్భం తొలి నెలల్లో వికారం వల్ల కొందరు మింగలేరు. మింగబోతే వాంతి వస్తుంది. అందువల్ల నోరు నిండిపోతుంది. ఛాతీలో మంట ఉన్నవారికీ ఇలా జరుగుతుంది. హార్మోన్ల మార్పులు కూడా కారణం కావచ్చునని వైద్యులు అంటారు. చాలామందికి వికారం తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది. కొందరికి కాన్పు వరకూ ఉంటుంది. లాలాజలం ఊరడం వల్ల మాత్రమే బిడ్డకు హాని కలగదు. కనుక ఇది ఆమె తెచ్చిపెట్టుకున్న అలవాటు కాదు, అతిసున్నితత్వమూ కాదు.

ఇక నమాజు విషయం. లాలాజలం పరిశుద్ధమైనదే. ఉమ్మినంత మాత్రాన వుజూ భంగం కాదు, బట్టకు అంటినా అది అపవిత్రం కాదు. నోటినిండా వాంతి అయితే మాత్రం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మళ్ళీ వుజూ చేసుకోవాలి. నమాజులో నోరు నిండితే ఏం చేయాలో దైవప్రవక్త (సఅసం) స్వయంగా చేసి చూపారు: తమ వస్త్రపు అంచులో ఉమ్మి, దాన్ని మడిచారు. ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది. కనుక ఒక మెత్తని నూలు రుమాలు చేతిలో ఉంచుకుని నిశ్చింతగా నమాజు చేయవచ్చు. ఉపవాసంలో నోట్లోని సొంత లాలాజలం మింగినా ఉపవాసం భంగం కాదు. అయితే తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందన్న భయం ఉన్న గర్భవతికి ఉపవాసం వాయిదా వేసుకుని, తర్వాత ఖజా చేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది.

నీళ్ళు మానేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఉమ్మిలో పోయే నీటిని తిరిగి భర్తీ చేయాలి. ఒకేసారి గ్లాసుడు తాగలేకపోతే గుక్కెడు గుక్కెడుగా తాగాలి. కడుపు ఖాళీగా ఉంచకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. నిమ్మముక్క చప్పరించడం, చక్కెర లేని చూయింగ్‌గమ్ నమలడం కొందరికి ఉపశమనం ఇస్తాయి. మెత్తని బ్రష్‌తో పళ్ళు తోముకుంటూ, తరచూ నోరు పుక్కిలించాలి. పెదవుల చుట్టూ చర్మం పగిలితే కొబ్బరినూనె రాయవచ్చు. నోరు బాగుంటుందని జర్దా పాన్ వేసుకోవడం తల్లికీ బిడ్డకూ హానికరం.

తాగిన నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తున్నా, కళ్ళు తిరుగుతున్నా, బరువు తగ్గిపోతున్నా, వాంతిలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. మందుల దుకాణంలో అడిగి మాత్రలు కొని వేయరాదు.

చివరిగా ఇంట్లోవారికి ఒక మాట. మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి ఆమె పక్కన ఉంచండి. దస్తర్‌ఖాన్ దగ్గరికి మీరే పిలవండి. ఆమె మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే ఎవరూ ముఖం చిట్లించకండి. తల్లి గర్భంలో మోసిన కష్టాన్ని అల్లాహ్ సూరా లుఖ్మాన్‌లో ప్రత్యేకంగా గుర్తుచేశాడు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కనుక ఆ డబ్బాను కడిగిపెట్టడం భర్తకు చిన్నతనం కాదు.

ఆ యువకునికి నేను చెప్పింది కూడా ఇదే: "ముందు ఇంటికి వెళ్ళి ఆమెకు నీళ్ళు ఇవ్వు, నాయనా. తర్వాత ఈ మస్అలాలు చెప్పు."

అల్లాహ్ మన తల్లులకు, సోదరీమణులకు సులువైన కాన్పును, ఆరోగ్యవంతమైన సంతానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.